మంచునేల మీద మూడు టన్నుల ఇల్లు

1942 వసంతంలో అమెరికా సైన్యం కెనడా వాయవ్య అడవుల్లోకి బుల్‌డోజర్లను దింపింది. పెర్ల్ హార్బర్ మీద దాడి జరిగి అప్పటికి కొన్ని నెలలే. అలాస్కాను మిగతా దేశంతో కలిపే రోడ్డు ఒక్కటీ లేదు. పది వేలకు పైగా సైనికులు, వారిలో దాదాపు మూడోవంతు నల్లజాతి రెజిమెంట్లకు చెందినవారు, బ్రిటిష్ కొలంబియాలోని డాసన్ క్రీక్ నుంచి అలాస్కాలోని డెల్టా జంక్షన్ దాకా సుమారు 2,700 కి.మీ. దారిని ఎనిమిది నెలల్లో తెరిచారు. దక్షిణ భాగంలో పని తెలిసిన పద్ధతిలోనే సాగింది. చెట్లు కూల్చి, పైపొర గీకేసి, నేల ఆరనిచ్చి, చదును చేశారు. ఉత్తరాన యూకాన్‌లో మాత్రం ఆ పద్ధతే వాళ్లను ముంచింది. నాచునూ ఆకుపొరనూ గీకేసిన చోటల్లా నేల కరిగి బురదమడుగైంది. ట్రాక్టర్లు అందులో దిగబడిపోయాయి. రోడ్డు ఆరాలని ఎదురుచూసిన కొద్దీ బురద లోతు పెరిగింది.

ఆ నేల పర్మాఫ్రాస్ట్. వరుసగా రెండేళ్లో అంతకంటే ఎక్కువో సున్నా డిగ్రీలకు దిగువన ఉండిపోయిన నేలను శాస్త్రజ్ఞులు అలా పిలుస్తారు. నిజానికి చాలాచోట్ల అది వేల ఏళ్లుగా గడ్డకట్టి ఉంది. దాన్ని వేసవి ఎండ నుంచి కాపాడుతున్నది పైనున్న నాచుపొరే. ఇంజనీర్లు ఆ సంగతి గ్రహించాక నాచును ముట్టుకోకుండా, దాని మీదే చెట్ల మొద్దులను అడ్డంగా పరిచి, ఆపైన కంకర పోసి ముందుకు కదిలారు.

ఆ దారే నేటి అలాస్కా హైవే. 1948లో సాధారణ ప్రయాణికులకు తెరిచారు. వంకలు సరిచేస్తూ రావడంతో పొడవు ఇప్పుడు సుమారు 2,232 కి.మీ.కు తగ్గింది. ఏటా వేసవిలో పికప్ ట్రక్కు వెనక ట్రావెల్ ట్రైలర్ తగిలించుకుని ఎన్నో కుటుంబాలు ఈ దారి పడతాయి. సిద్ధం కావడమెలాగని ఎవరినైనా అడిగితే కొనాల్సిన సామాను పట్టీ ఒకటి చేతికిస్తారు. కొనుగోళ్లు ఆఖరున చూసుకోవచ్చని నేను గట్టిగా నమ్ముతాను. ముందు తెలుసుకోవాల్సింది కింద నేల ఎలా ప్రవర్తిస్తుందో, పైన మన బరువు ఎలా ప్రవర్తిస్తుందో. ట్రైలర్లో విరగడం, పగలడం, ఊడటం దాదాపు అన్నీ ఆ రెండూ కలిసిన చోటే జరుగుతాయి.

ముందు నేల సంగతి. యూకాన్‌లో డిస్ట్రక్షన్ బే దాటిన దగ్గర నుంచి బీవర్ క్రీక్ మీదుగా అలాస్కా సరిహద్దు దాకా ఉన్న రోడ్డు ఎగుడుదిగుళ్లకు పెట్టింది పేరు. దూరం నుంచి నున్నగానే కనిపిస్తుంది. దగ్గరకొచ్చేసరికి అలలు అలలుగా లేచి, పడి ఉంటుంది. నీరు గడ్డకడితే తొమ్మిది శాతం వ్యాకోచిస్తుంది కాబట్టి నేల ఉబ్బుతుందని చాలామంది అనుకుంటారు. అసలు కారణం అంతకంటే ఆసక్తికరమైనది. స్టీఫెన్ టేబర్ అనే అమెరికన్ భూవిజ్ఞాని 1930 ప్రాంతంలో మట్టిని నీటికి బదులు బెంజీన్‌తో తడిపి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే వ్యాకోచించదు, కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది. అంటే లేపేది వ్యాకోచం కాదు. గడ్డకడుతున్న పొర కింది నుంచి ద్రవాన్ని తనవైపు లాక్కుంటుంది. నేలలో అలా చేరిన నీరు అక్కడే మంచు పలకలుగా పేరుకుంటుంది. పలకలు మందమయ్యే కొద్దీ పైనున్న రోడ్డు లేస్తుంది. దీనికి సన్నని ఒండ్రుమట్టి బాగా అనుకూలం. దాని రంధ్రాలు నీటిని పైకి లాగేంత చిన్నవి, ఆ నీరు పారేంత పెద్దవి. ముతక కంకరలో ఈ లాగుడు ఉండదు, అందుకే రోడ్డు కింద కంకర అంత మందంగా పోస్తారు.

లేచిన చోట ఉబ్బు, లోపలి పాత మంచు కరిగిన చోట గుంట. కరిగించడంలో రోడ్డుకూ వాటా ఉంది. నల్లని ఉపరితలం ఎండను పీల్చుకుంటుంది. శీతకాలంలో రోడ్డు మీది మంచును యంత్రాలు అంచులకు నెట్టేస్తాయి. ఆ కుప్ప కింద నేలకు చలి సోకదు, గడ్డకట్టాల్సిన కాలంలోనూ అక్కడ వెచ్చగానే ఉంటుంది. అందుకే రోడ్డు అంచులు ముందుగా కుంగి పొడవునా పగుళ్లిస్తాయి. బీవర్ క్రీక్ దగ్గర యూకాన్ ప్రభుత్వం 2008లో ఒక పరీక్షా క్షేత్రం ఏర్పాటు చేసి, లేత రంగు ఉపరితలం, చల్లగాలి చొరబడే రాతికట్ట వంటి ఉపాయాలను అసలు రోడ్డు మీదే పరీక్షించింది. డెల్టా జంక్షన్ చేరాక అలాస్కా చమురు గొట్టాన్ని తప్పక చూడండి. 1977లో పూర్తయిన ఆ గొట్టం సుమారు 1,287 కి.మీ. పొడవుంటుంది. అందులో సగానికి పైగా స్తంభాల మీద నేలకు ఎత్తుగా నడుస్తుంది, వేడి చమురు తగిలి పర్మాఫ్రాస్ట్ కరగకుండా. చాలా స్తంభాల మీద నిలబడి ఉన్న లోహపు గొట్టాల్లో అమ్మోనియా ఉంటుంది. శీతకాలంలో అది నేలలోని వేడిని తీసుకుని ఆవిరై పైకి పోతుంది, పైన చల్లబడి ద్రవమై కిందికి జారుతుంది. కరెంటుతో పనిలేకుండా నేలను గడ్డకట్టి ఉంచే ఏర్పాటిది.

ఇప్పుడు ఆ అలల మీదికి మన బండిని తెద్దాం. ఉబ్బుకూ ఉబ్బుకూ మధ్య 15 మీటర్ల దూరం ఉందనుకోండి. గంటకు 80 కి.మీ. వేగంతో పోతే బండికి సెకనుకు 1.5 కుదుపులు తగులుతాయి. బండ్ల సస్పెన్షన్ సహజంగా ఊగే లయ సెకనుకు ఒకటి, రెండు సార్ల మధ్యే ఉంటుంది. రెండు లయలూ కలిస్తే అనునాదం. ప్రతి కుదుపూ ముందటి ఊపుకు తోడవుతుంది. వేగం 40కి తగ్గిస్తే కుదుపులు సెకనుకు 0.74కు పడిపోతాయి, లయ తప్పిపోతుంది. ట్రక్కుకు ఊపును అణచే షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. చాలా ట్రావెల్ ట్రైలర్లకు అవి అసలుండవు, కమాన్ పట్టీలు ఒకదానితో ఒకటి రాసుకునే ఘర్షణే దిక్కు. అందువల్ల ముందు సీట్లో కూర్చున్నవారికి దారి ఫరవాలేదనిపించే వేగంలోనే వెనక ట్రైలర్ ఎగిరెగిరి పడుతుండవచ్చు. డ్రైవర్ తన నడుముకు తెలిసినదాన్ని బట్టి వేగం నిర్ణయించుకోకూడదు, అద్దంలో ట్రైలర్‌ను చూసి నిర్ణయించుకోవాలి. బయలుదేరే ముందు కమాన్ పట్టీలూ, వాటిని ఛాసిస్‌కు పట్టి ఉంచే లింకులూ, రెండు ఇరుసుల మధ్య బరువు పంచే ఈక్వలైజరూ అరిగాయేమో విప్పి చూడాలి. పోయే దారిలో విరిగేది సాధారణంగా అక్కడే.

కుదుపు ఎంత బలంగా తగులుతుందన్నది మోస్తున్న బరువును బట్టి ఉంటుంది కాబట్టి, బరువు లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగుదాం. చాలామంది ప్రకటనలో చూసిన లాగుడు సామర్థ్యం గుర్తుపెట్టుకుని ధీమాగా ఉంటారు. ఇంజను లాగగలదు, సందేహం లేదు. ముందుగా దాటిపోయేది ట్రక్కు తన వీపున మోయగలిగే బరువు. డ్రైవర్ తలుపు తెరిస్తే పక్క స్తంభం మీద ఒక చీటీ అంటించి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇంతకు మించకూడదని అందులో రాసి ఉంటుంది. అది 700 కిలోలు అనుకుందాం. ట్రైలర్ మొత్తం 3,000 కిలోలు, దాని ముక్కు ట్రక్కు మీద 12 శాతం బరువు ఆనిస్తుందనుకుందాం, అంటే 360 కిలోలు. నలుగురు మనుషులు మరో 280. మొత్తం 640. ఇక మిగిలింది 60 కిలోలు. పనిముట్ల పెట్టె, ఐసు డబ్బా, వంట సామాను, అదనపు పెట్రోలు డబ్బాలు అన్నీ ఆ అరవైలోనే సర్దాలి. చాలా ట్రక్కులు ఈ గీత దాటే ఉత్తరానికి బయలుదేరుతాయి.

ముక్కు బరువు తగ్గిస్తే సరిపోదా అనిపిస్తుంది. ఎద్దుల బండి తోలినవారికి దీని జవాబు తెలుసు. బస్తాలు ముందుకు సర్దితే కాడి ఎద్దుల మెడ మీద పడుతుంది. వెనక్కి సర్దితే కాడి పైకి లేచి గొంతు పట్టేస్తుంది, బండి అటూ ఇటూ కొట్టుకుంటుంది. ట్రైలర్ గురుత్వ కేంద్రం ఇరుసులకు కొంచెం ముందుండాలి. అప్పుడే పక్కగాలి తోసినా, గుంటలో చక్రం పడినా దారి తప్పిన ట్రైలర్ తానుగా తిన్నబడుతుంది. ముక్కు మీద 10 నుంచి 15 శాతం బరువు ఆనాలని చెప్పేది అందుకే. వెనక బంపర్‌కు సైకిళ్లూ స్టెప్నీ వేలాడదీస్తే ఈ లెక్క చెడిపోతుంది. పైగా చివర్ల బరువు పెరిగితే ఊపు మొదలయ్యాక ఆపడమూ కష్టమే. ప్రతి ట్రక్కు–ట్రైలర్ జోడీకి ఒక హద్దు వేగం ఉంటుంది. దానికి దిగువన ఊపు దానంతటదే చల్లారుతుంది, దాటితే ఒక్కో ఊపుకూ పెరుగుతుంది. అలా ఊగుతున్నప్పుడు స్టీరింగ్ ఎదురు తిప్పడం, ట్రక్కు బ్రేకు గట్టిగా తొక్కడం రెండూ ప్రమాదం. యాక్సిలరేటర్ వదిలి, డ్యాష్‌బోర్డు దగ్గరి మీటతో ట్రైలర్ బ్రేకులు మాత్రమే వేస్తే వెనకబండి లాగి తిన్నబడుతుంది. ఆ మీట ఎక్కడుందో చెయ్యి వెతుక్కోకుండా అందాలి. ఖాళీ మైదానంలో ముందే అలవాటు చేసుకోండి.

ఆ 360 కిలోలు ట్రక్కు మీద ఎక్కడ పడతాయన్నది మరో ముఖ్యమైన సంగతి. ట్రైలర్‌ను తగిలించే హిచ్ బంతి వెనక ఇరుసుకు 1.5 మీటర్లు వెనక ఉంటుంది, ట్రక్కు ఇరుసుల మధ్య దూరం 3.7 మీటర్లు అనుకుందాం. తులాదండం సూత్రం ప్రకారం వెనక ఇరుసు మీద 360 కాదు, 506 కిలోలు పెరుగుతాయి. ముందు ఇరుసు మీద 146 కిలోలు తగ్గుతాయి. ముందు చక్రాలు తేలికైతే స్టీరింగ్ పట్టు సడలుతుంది, హెడ్‌లైట్లు ఎదుటివారి కళ్లలోకి లేస్తాయి. బరువు పంచే హిచ్‌లోని స్ప్రింగు కడ్డీలు ఆ తగ్గిన బరువులో చాలావరకు తిరిగి ముందు చక్రాల మీదికి, కొంత ట్రైలర్ ఇరుసుల మీదికి నెడతాయి. అవి సరిగ్గా బిగించారా లేదా అన్నది కంటికి తెలియదు. లారీల కాటా దగ్గరే తెలుస్తుంది. నిండు ట్యాంకుతో, సామానుతో, ఇంట్లో మనుషులందరితో కాటా వేయించి, ట్రైలర్ తగిలించి ఒకసారి, విప్పి ఒకసారి చీటీ తీసుకోండి. నీళ్ల ట్యాంకు సంగతి మరవకండి. 150 లీటర్లంటే 150 కిలోలు. ట్యాంకు ఇరుసులకు వెనకుంటే నింపినప్పుడు ముక్కు బరువు తగ్గుతుంది.

టైర్లలో మొదట చూడాల్సింది అరుగుదల కాదు, పుట్టినతేదీ. పక్కగోడ మీద నాలుగంకెల సంఖ్యలో మొదటి రెండూ వారం, చివరి రెండూ సంవత్సరం. ట్రైలర్ ఏడాదిలో ఎక్కువ కాలం నిలబడే ఉంటుంది కాబట్టి టైరు అరగకముందే రబ్బరు ముసలిదైపోతుంది. ఐదారేళ్లు దాటితే ఈ ప్రయాణానికి నేను నమ్మను. గాలి లెక్క కూడా ఉత్తరానికి పోతే మారుతుంది. ఇంటి దగ్గర 25 డిగ్రీల్లో 65 పీఎస్‌ఐ పట్టించిన టైరులో, 5 డిగ్రీలున్న యూకాన్ తెల్లవారుజామున సుమారు 5 పీఎస్‌ఐ తక్కువ చూపిస్తుంది. గాలి తగ్గిన టైరు పక్కగోడలు ఎక్కువగా నలుగుతాయి, నలిగితే వేడి, వేడికి లోపలి పొరలు విడిపోవడం. అందుకని ప్రతి ఉదయం, బండి కదలకముందే కొలవాలి. పగిలిన టైరు పక్కనున్న టైరు ఆ కాసేపట్లో రెండింటి బరువూ మోసి ఉంటుంది, దాన్నీ అనుమానించాలి. ఈ దారికి ట్రైలర్ స్టెప్నీలు రెండు ఉండటం మంచిది.

రోడ్డు చాలా భాగం చిప్ సీల్. జిగురు తారు చల్లి దానిమీద కంకర పరిచి తొక్కిస్తారు. పర్మాఫ్రాస్ట్ మీద మందపాటి తారురోడ్డు పగిలిపోతుంటే దీన్ని చవకగా మళ్లీ వేసుకోవచ్చు, కాబట్టి అక్కడ అదే తెలివైన పని. కొత్తగా వేసిన చోట విడి కంకర మాత్రం ఎగురుతుంది. ఎదుటి లారీ లేపిన రాయి గాల్లో ఉండగా మనం వెళ్లి దాన్ని గుద్దుతాం. మన వేగం 90 నుంచి 50కి తగ్గితే ఆ దెబ్బ శక్తి మూడోవంతు కంటే తక్కువకు పడిపోతుంది, ఎందుకంటే శక్తి వేగం వర్గాన్ని అనుసరిస్తుంది. ట్రక్కు ముందు అద్దాన్ని కాపాడేది అదే. ట్రైలర్‌ను కొట్టే రాళ్లు మాత్రం ఎక్కువగా మన ట్రక్కు వెనక చక్రాల నుంచే వస్తాయి. వెడల్పాటి మడ్‌ఫ్లాపులు వేయించండి. ట్రైలర్ కింద గ్యాసు గొట్టం, బ్రేకు తీగలు, నీళ్ల ట్యాంకు కుళాయి ఎక్కడెక్కడ బయటికి కనిపిస్తున్నాయో పాకి చూసి కప్పించండి. బండి వెనక గాలి పీడనం తగ్గడం వల్ల దుమ్ము అక్కడికి చేరుతుంది, వెనక వైపు సందులన్నీ మూసేయాలి.

బ్రిటిష్ కొలంబియాలో ఫోర్ట్ నెల్సన్ ఊరు దాటాక రాకీ పర్వతాల్లో సమ్మిట్ లేక్ దగ్గర హైవే సుమారు 1,300 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దిగుడు అక్కడినుంచే. ట్రక్కూ ట్రైలరూ కలిపి 6,000 కిలోలనుకుంటే, 500 మీటర్ల ఎత్తు దిగడంలో సుమారు 2.9 కోట్ల జౌళ్ల శక్తి ఎక్కడికో పోవాలి. అదంతా 60 కిలోల బ్రేకు ఇనుములోకే పోతే ఆ ఇనుము 1,000 డిగ్రీలకు పైగా వేడెక్కాలి. అంతకు చాలా ముందే బ్రేకులు పట్టు వదిలేస్తాయి. ఏ గేరులో ఎక్కితే ఆ గేరులోనే దిగాలని మన ఘాట్ రోడ్ల డ్రైవర్లు చెప్పే మాట ఇక్కడా అక్షరాలా నిజం. ఇంజను ఆ వేడిని రేడియేటర్ ద్వారా, పొగగొట్టం ద్వారా గాలికి వదిలేస్తుంది. ట్రైలర్ చక్రాల బేరింగులు విప్పించి కొత్త గ్రీజు పెట్టించడం, ట్రైలర్ ఊడిపోతే దానంతటదే బ్రేకు వేసే స్విచ్చును ఒకసారి లాగి చూడటం ఇంటి దగ్గరే అయిపోవాలి.

వంటగ్యాసు గురించి మన ఇళ్లలో ఉన్న అనుభవం అక్కడ కొంత మారుతుంది. మన సిలిండర్లలో బ్యూటేను, ప్రొపేను కలిసి ఉంటాయి. బ్యూటేను సున్నా డిగ్రీల దగ్గరే ఆవిరి కావడం మానేస్తుంది. ప్రొపేను మైనస్ 42 దాకా ఆవిరవుతుంది, అందుకే ఉత్తర అమెరికా ట్రైలర్లలో ప్రొపేను వాడతారు. గ్యాసుతో నడిచే ఫ్రిజ్ చదునుగా నిలిస్తేనే పనిచేస్తుంది. అందులో అమ్మోనియా ద్రావణం కేవలం వాలుతో పారుతుంది. బండి ఒరిగి ఆగితే ప్రవాహం నిలిచి మరిగే గది మాడిపోవచ్చు. లిథియం బ్యాటరీని సున్నాకు దిగువన ఛార్జ్ చేస్తే పాడవుతుంది. జూన్, జులైలలో వెళ్లేవారికి ఈ చలి బెడద తక్కువ. సెప్టెంబరులో నీళ్ల గొట్టాలు కూడా గడ్డకడతాయి.

మిగతావి క్లుప్తంగా. ట్యాంకు సగానికి రాగానే ఇంధనం పోయించుకోండి. ఫోన్ సిగ్నల్ మీద ఆధారపడకండి. లియర్డ్ నది ప్రాంతంలో అడవి బైసన్లు రోడ్డు మీదే నిలబడతాయి, చీకట్లో నడపకండి. అమెరికాలో ఉండే మనవాళ్లు ఒక కాగితం సరిచూసుకోవాలి. దారిలో సుమారు 1,900 కి.మీ. కెనడాలోనే. గ్రీన్‌కార్డు ఉన్నవారికి కెనడా సందర్శక వీసా అక్కర్లేదు, హెచ్‌1బీ మీద ఉన్న భారత పౌరులకు కావాలి. ఇక ఇంకా ఉత్తరాన డెంప్‌స్టర్, డాల్టన్ రోడ్ల మీదికి ట్రైలర్ లాక్కెళ్లాలనే ఉత్సాహం వద్దు. డాల్టన్ మీద కోల్డ్‌ఫుట్ నుంచి డెడ్‌హార్స్ దాకా సుమారు 386 కి.మీ. పెట్రోలు బంకు లేదు. ట్రైలర్‌ను ఫెయిర్‌బ్యాంక్స్‌లో వదిలి ట్రక్కుతో వెళ్లడమే మేలు.

బయలుదేరడానికి నెల ముందు, ఇంటికి నూటయాభై కిలోమీటర్ల లోపున్న చోటికి నిండు సామానుతో వెళ్లి రెండు రాత్రులు గడపండి. మొదటి 80, 100 కిలోమీటర్లు అయ్యాక ఆగి చక్రాల నట్లు టార్క్ పానాతో మళ్లీ బిగించండి, కొత్తగా బిగించిన నట్లు ఆ దూరంలోనే సడలుతాయి. నీళ్లు కారుతున్నాయా, కప్‌బోర్డులు తెరుచుకుంటున్నాయా, బేరింగు మూత మీద చెయ్యి పెడితే కాలుతోందా చూడండి. అక్కడ బయటపడిన లోపాన్ని మీ ఊరి మెకానిక్ మర్నాడు సరిచేస్తాడు. అదే లోపం డిస్ట్రక్షన్ బేలో బయటపడితే, దగ్గరి పెద్ద ఊరు వైట్‌హార్స్ 260 కి.మీ. వెనక ఉంటుంది.